తలుపు వేయని ఇల్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది అమ్మ, అమ్మమ్మ, గువ్వ, ఇంకా పనులకు పోయిన తల్లులు వదిలి వెళ్లిన నలుగురు పిల్లలు. నలుగురిలో ఇద్దరు కండక్టరమ్మ కవలలు. ఇంట్లో ఎన్ని బొమ్మలున్నా ఒక్క బొమ్మ కోసమే జుట్లు పట్టుకునేవాళ్లు. మూడోవాడు నర్సమ్మ కొడుకు. మాటలు వచ్చిన రోజు నుంచి ఆపిన పాపాన పోలేదని అమ్మమ్మ వాడికి నసపెట్టె అని పేరు పెట్టింది. నాలుగోది కూరలకొట్టు ఆవిడ కూతురు. ఇంకా పాకుతోంది, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది. నాన్న లారీ మీద వెళ్లాడు. ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు.

గువ్వ అన్నది కూడా అమ్మమ్మ పెట్టిన పేరే. "దీని మాట గొంతు దాటి బయటికి వచ్చేసరికి అవతలివాళ్లు ఇంటికెళ్లి పడుకుంటారు" అనేది ఆవిడ. పిల్లలు మాత్రం అక్కా అని పిలిచేవాళ్లు. వాళ్లతో మాట్లాడడానికి గువ్వకు గొంతు పెంచాల్సిన పని ఉండేది కాదు. వాళ్ల ఎత్తుకు వంగితే సరిపోయేది.

ఆ రోజే గువ్వకు దూరవిద్య కాలేజీ మొదటి పరీక్ష. భూగోళం. నియమాలన్నీ కాలేజీవాళ్లు ముందే పంపారు. గువ్వ వాటిని కూడా పాఠంలాగే బట్టీపట్టింది. గదిలో విద్యార్థి ఒక్కరే ఉండాలి. కెమెరా, మైకు ఆన్ చేసి ఉంచాలి. మొదలుపెట్టే ముందు ఫోను చుట్టూ తిప్పి గదంతా చూపించాలి. ఆ తర్వాత చూపు తెర మీద నుంచి కదలకూడదు. రెండో మనిషి కనిపించినా, రెండో గొంతు వినిపించినా పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. గది తలుపు వేసి ఉండాలి.

అన్నీ కుదిరేవే, ఆ చివరిది తప్ప. ఆ ఇంట్లో తలుపులు వేయరు. ఎప్పుడో ఒక పాప లోపలి గదిలోకి వెళ్లి బోల్టు పెట్టుకుని, తీయడం రాక ఏడ్చి ఏడ్చి నీలంగా అయిపోయింది. ఆ పాపను బయటికి తీసిన సాయంత్రమే అమ్మ స్క్రూడ్రైవర్ పట్టుకుని, వీధి తలుపుకు పైనున్న గొళ్లెం ఒక్కటి వదిలి, ఇంట్లో బోల్టులన్నీ ఊడదీసింది. లోపలి గది తలుపును ముందుగది గోడ వైపు పూర్తిగా తెరిచి, మేకుకు గుడ్డపీలికతో కట్టేసింది. కొత్తగా పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లకు ముందు ఆ ముడే చూపించేది.

"మా ఇంట్లో తలుపులు వేయమమ్మా. నేను పొయ్యి దగ్గరున్నా, పంపు దగ్గరున్నా అందరూ నా కళ్లముందే ఉంటారు."

ఆ ముడి చూశాక తల్లుల భుజాలు కాస్త దిగేవి. చంకలోని పిల్లను కింద దించేవాళ్లు.

అందుకే గువ్వ తలుపు సంగతి అమ్మ దగ్గర ఎత్తలేదు. పరీక్ష ఉందని మాత్రం చెప్పింది. "సరేలే, నేను వీళ్లను ముందుగదిలో పెట్టుకుంటా" అంది అమ్మ. గువ్వ లోపలి గది గుమ్మానికి అడ్డంగా ఒక దుప్పటి కట్టి, పాలడబ్బాకు ఫోను ఆనించి కూర్చుంది. గది చూపించమన్నప్పుడు చుట్టూ తిప్పింది. దుప్పటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి కాస్త తొందరగా కదిలింది. అవతలి నుంచి ఎవరూ ఏమీ అనలేదు.

రెండు జవాబులు బాగానే రాసింది. మూడోది సముద్రపు గాలి గురించి. పగలు నేల ముందు వేడెక్కుతుంది, ఆ వేడిగాలి పైకి పోతే ఆ ఖాళీలోకి... అని టైపు చేస్తుండగా దుప్పటి కింద నుంచి ముందు ఒక తల, తర్వాత ఒక భుజం, తర్వాత నసపెట్టె మొత్తం లోపలికి వచ్చాడు. రెండు చేతులతో నిక్కరు పట్టుకున్నాడు.

"అక్కా, ముడి."

గువ్వ చేతులకు పరీక్ష అని తెలియదు. రోజూ ఎన్నిసార్లు చేస్తాయో అదే చేశాయి. కుర్చీలోంచి పక్కకు వంగి, బొందు లాగి, రెండు మెలికలు తిప్పి బిగించాయి. "అయిపోయింది, పో" అంది నోరు. తల ఎత్తి చూసేసరికి తెర బూడిదరంగులోకి మారిపోయింది. సముద్రపు గాలి సగంలో ఆగింది.

నసపెట్టె పోలేదు. బొందు మీద చెయ్యి వేసుకుని తెర వంక చూశాడు. "అక్కా, బొమ్మలు రావా?" అన్నాడు.

*

కాలేజీవాళ్లు ఆ మర్నాడే మాట్లాడడానికి పిలిచారు. తెర మీద రెండు ముఖాలు. ఒకటి కోర్సు చూసే మేడమ్‌ది, ఇంకొకటి పరీక్షలు చూసే సారుది. గువ్వ కాళ్లు దగ్గరగా ముడుచుకుని కూర్చుంది. దుప్పటి తీసేసింది. గుమ్మంలో అమ్మ నిలబడి, తడిచేతులు తువ్వాలుకు తుడుచుకుంటోంది. ఎంతకీ తుడవడం అవడం లేదు.

"మీ వీడియో చూశాం" అన్నాడు సారు. "మధ్యలో మీ పక్కకు వచ్చింది ఎవరు?"

"నసపెట్టె అండీ."

సారు ముఖం తెరకు దగ్గరగా వచ్చింది. "ఏం పెట్టె?"

గువ్వకు చెవులు వేడెక్కాయి. "పిల్లాడండీ. మూడేళ్లవాడు."

"మీ తమ్ముడా?"

"కాదండీ."

"చుట్టాలబ్బాయా?"

"కాదండీ."

"మరి ఎవరో పిల్లాడు మీ గదిలోకి ఎలా వచ్చాడమ్మా? మీరెందుకు వంగారు? ఏమన్నా అందించాడా?"

"ముడి..." అంది గువ్వ.

"కాస్త గట్టిగా. మీ మాట ఇక్కడికి రావడం లేదు."

చెప్పాల్సింది ఒక్క వాక్యమే. మా అమ్మ పిల్లల్ని చూసుకుంటుంది. ఆ వాక్యం గువ్వ నాలుక మీదికి వచ్చి కూర్చుంది. కానీ గుమ్మంలో తువ్వాలు కదులుతోంది. ఇప్పుడు ఆ మాట అంటే, పరీక్ష పోయింది నీ పని వల్లే అని అమ్మ మొహం మీద చెప్పినట్టు ఉంటుంది. గువ్వ తలదించుకుంది. తల దించుకున్నవాళ్లు తెరలో ఎలా కనబడతారో తనకు తెలుసు. తప్పు చేసినవాళ్లలాగా కనబడతారు.

మేడమ్ అందుకుంది. గొంతు మెత్తగానే ఉంది. "చూడమ్మా, మాకు నీ మీద కోపం లేదు. ఎదురుగా కూర్చోబెట్టుకుని రాయించే వీలుంటే ఇవేవీ మేము అడగం. ఎక్కడో ఉన్నవాళ్లను ఇక్కణ్నుంచి నమ్మాలి కదా. శుక్రవారం మళ్లీ రాయి. ఈసారి ముందు తలుపు చూపించు, దుప్పటి కాదు. వేసిన తలుపు కనబడితేనే ప్రశ్నలు వస్తాయి. మళ్లీ ఇలాగే జరిగితే కోర్సులోంచి పేరు తీసేస్తారు. అప్పుడు నేను కూడా ఏమీ చేయలేను."

తెర ఖాళీ అయింది. అమ్మ గుమ్మంలోంచి కదల్లేదు.

"తలుపు అంటోందేమిటే ఆవిడ?"

"ఏం లేదమ్మా."

అమ్మ చూపు మేకు మీదికి, ముడి మీదికి పోయింది. "అది మాత్రం నన్ను అడక్కు" అంది, గువ్వ అడిగినట్టుగా. "డ్యూటీలో ఉన్నంతసేపూ నర్సమ్మ ఒక్కసారన్నా ఫోన్ చేస్తుందా? ఎందుకు చేయదు? ఆ ముడి చూసి పోయింది గనక. అది విప్పానంటే రేపట్నుంచి ఈ గుమ్మంలోకి పిల్లని ఎవరు తెస్తారు?"

"నేను అడగలేదుగా."

"అదెప్పుడు అడిగి చచ్చింది గనక!" అంది అమ్మమ్మ మంచం మీంచి. పాకే పిల్ల నోట్లోంచి చెంచా లాగుతోంది. "దానికి నోరు లేదు. నీకు తీరిక లేదు. మధ్యలో నా చెవులే వాచిపోతున్నాయి."

*

మర్నాడు గువ్వ తలుపు ఉన్న గది కోసం బయల్దేరింది. ముందు వీధి మలుపులోని జిరాక్స్ బాబాయి దగ్గరికి వెళ్లింది. బాబాయి మంచివాడు. పాఠాలన్నీ సగం ధరకే ప్రింటు తీసి ఇచ్చాడు. మిషను మూత ఎత్తి, కాగితం పెట్టి, మూత దించుతూనే మాట విన్నాడు.

"వెనకగదా? దానికి తలుపెక్కడిదమ్మా, ఉన్నదల్లా షట్టరే. అది దించితే బాబాయి కొట్టు కట్టేశాడని ఊరంతా చెప్పుకుంటారు." మిషనులోంచి వెలుగు గీత ఒకటి అతని గడ్డం కింద నుంచి పాకింది. "లైబ్రరీకి వెళ్లకపోయావా?"

లైబ్రరీకి తలుపు ఉంది. లోపల మనుషులు కూడా ఉన్నారు. గువ్వ ఆ మాట బాబాయికి చెప్పలేదు. "సరే బాబాయ్" అని వచ్చేసింది.

ఇక మిగిలింది మేడ మీది ఇంటిగలావిడ. ఆవిడకు ఖాళీగా పడి ఉన్న గది ఉంది. దానికి నిగనిగలాడే తలుపు, తలుపుకు ఇత్తడి బోల్టు కూడా ఉన్నాయి. గువ్వ మెట్లెక్కుతూ అడగాల్సిన మాటను లోపల్లోపల అనుకుంది. పై మెట్టు చేరేసరికి మాట చివర ఎగిరిపోయింది. మళ్లీ కిందికి దిగి, మళ్లీ అనుకుంటూ ఎక్కింది.

ఇంటిగలావిడ ఆరిన బట్టలు మడతపెడుతోంది. "గదా? దానికేం భాగ్యం తల్లీ" అంది వినగానే. గువ్వకు ఊపిరి ఆడింది. "ఇంతకీ ఎందుకు?"

"పరీక్షండీ."

"ఓహో. ఎంతసేపు?"

"రెండు గంటలండీ."

"తలుపు వేసుకునా?"

"వేసుకోవాలండీ."

మడతపెట్టే చేతులు కాస్త నెమ్మదించాయి. "లోపల నువ్వొక్కదానివేనా?"

"ఒక్కదాన్నే ఉండాలండీ."

"పుస్తకాలు?"

"ఉండకూడదండీ. ఫోను ఒక్కటే."

చేతులు పూర్తిగా ఆగిపోయాయి. ఒక్కటి కూడా అబద్ధం చెప్పలేదు గువ్వ. ఒక్కొక్క నిజం చెబుతున్నకొద్దీ ఆ గది ఒక్కొక్క అడుగు దూరం జరిగింది. ఇంటిగలావిడ గువ్వను కింద నుంచి పైదాకా చూసి, చేతిలో ఉన్న దిండుగలేబును మళ్లీ దులిపింది.

"చూద్దాంలే" అంది.

*

ఆ సాయంత్రం అమ్మ పంపు దగ్గర పిల్లల బొంతలు ఉతుకుతోంది. గువ్వ లోపల పాకే పిల్లకు మూతి తుడుస్తోంది. మెట్లమీద చెప్పుల చప్పుడు వచ్చి పంపు దగ్గర ఆగింది. ఇంటిగలావిడ గొంతు తగ్గించి మాట్లాడింది. కానీ ఆ ఇంట్లో తలుపులు వేయరు కదా, ప్రతి మాటా లోపలికి వచ్చింది.

"వయసొచ్చిన పిల్ల. గదిలో తలుపేసుకుని, ఫోను పట్టుకుని, రెండు గంటలట. పుస్తకం కూడా వద్దట. పుస్తకం లేని పరీక్ష ఏమిటి? ఎవరితో మాట్లాడుతుందో ఏమో. నీ మంచికే చెబుతున్నా, నా నోట్లోంచి వచ్చిందని దాన్ని ఏమీ అనకు."

బొంత పిండుతున్న చప్పుడు వినబడింది. నీళ్లు ధారగా పడ్డాయి, తర్వాత చుక్కలుగా పడ్డాయి, తర్వాత అది కూడా లేదు. అమ్మ ఇంకా పిండుతూనే ఉన్నట్టుంది.

"మా పిల్ల తలుపేసుకోవాలనుకుంటే మా ఇంట్లోనే వేసుకుంటుందండీ" అంది చివరికి. "మీ గది మీ దగ్గరే ఉంచుకోండి."

ఇంటిగలావిడతో అమ్మ అంత పొడిగా మాట్లాడడం గువ్వ ఎప్పుడూ వినలేదు. చెప్పుల చప్పుడు మెట్లెక్కి పోయింది. అమ్మ బొంతను తీగ మీద పడేసి, తడికాళ్లతోనే లోపలికి వచ్చింది.

"పైకెళ్లి గది అడిగావా?"

"ఊ."

"ఊరందర్నీ అడగ్గలిగావు. నన్నెందుకు అడగలేదే?"

"అడగొద్దన్నావుగా."

మధ్యలో అమ్మమ్మ కల్పించుకోలేదు. అదే వింత.

అమ్మ నేరుగా మేకు దగ్గరికి వెళ్లింది. గుడ్డపీలిక ఏళ్ల దుమ్ము పట్టి, గోడకు రంగు వేసినప్పుడు ఆ రంగు కూడా పట్టి, ముడి రాయిలాగా అయిపోయింది. గోళ్లతో గిల్లింది. పళ్లతో లాగింది. పిన్నీసు గుచ్చి కుళ్లగించింది. "కత్తెర తేనా?" అంది గువ్వ. "వద్దు" అంది అమ్మ. పోగు పోగు లాగి చివరికి విప్పింది. విప్పిన పీలికను పారేయకుండా మడిచి కిటికీలో పెట్టింది.

తలుపు కదల్లేదు. ఇన్నేళ్లూ ఒక్కచోటే నిలబడి మడతబందులు తుప్పుపట్టాయి, కింది చెక్క ఉబ్బి నేలను కరుచుకుంది. అమ్మ బందుల్లో నూనె పోసింది. సబ్బుముక్క తీసుకుని అంచులన్నీ రుద్దింది. బోర్లా పడుకుని, కత్తితో కింది చెక్కను చెక్కుతూ పోయింది. సబ్బువాసన, నూనెవాసన కలిసి గదంతా నిండింది. పిల్లలు నలుగురూ ఆట మానేసి చుట్టూ చేరారు. కవలలు బొమ్మను నేలమీద వదిలేసి మరీ చూస్తున్నారు.

"పక్క నుంచి నువ్వు లాగు" అంది అమ్మ. గువ్వ లాగింది. అమ్మ భుజంతో తోసింది. కిర్రుమని ఒక చప్పుడు వచ్చి, తలుపు గోడను వదిలి ముందుకు జరిగింది.

నసపెట్టె కెవ్వుమన్నాడు. "అక్కా! గోడ నడుస్తోంది!"

పాపం, వాడు పుట్టాక అది తలుపుగా ఉండడం ఎప్పుడూ చూడలేదు. అమ్మమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది. తలుపు వెనక గోడ మీద పాత రంగు కొత్తగా, నీలంగా ఉంది. కింద దుమ్ములో ఒక బొమ్మ చెయ్యి, ఒక గిలక్కాయ, ఎప్పటిదో ఒక చిన్న చెప్పు దొరికాయి. అమ్మ ఆ చెప్పు తీసుకుని బోర్లించి చూసింది. ఎవరిదో గుర్తుపట్టినట్టే ఉంది గానీ, చెప్పలేదు. పీలిక పక్కన పెట్టింది.

*

శుక్రవారం పొద్దున అమ్మ పిల్లల్ని గుమ్మంలోనే ఆపింది. తల్లులు రాగానే ముందు తలుపు చూపించింది. ముడి చూపించినట్టే.

"ఈవేళ మా అమ్మాయికి పరీక్ష. రెండు గంటలు లోపలి గది తలుపు వేస్తాను. పిల్లలంతా నా ఎదురుగా ముందుగదిలోనే ఉంటారు. చెప్పకుండా వేయడం నాకిష్టం లేదు. మీ మనసు ఒప్పుకోకపోతే చెప్పండి."

కూరలకొట్టు ఆవిడ గంప దించకుండానే "ఏముందిలే" అని పాకే పిల్లను అందించింది. నర్సమ్మ కాసేపు ఆ తలుపు వంకే చూసింది. తర్వాత వెళ్లి తలుపును తానే ఒకసారి వేసి, తీసి చూసింది. బోల్టు లేదని చేత్తో తడిమి చూసుకుంది. "మంచిగా రాయి" అంది గువ్వతో. వెళ్లిపోయింది.

కండక్టరమ్మ మాత్రం చెరో చేత్తో కవలల్ని పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "తలుపులు వేయనన్నావనే కదా వదినా నీ దగ్గర దింపింది."

"అవునమ్మా."

"ఒకసారి అలవాటైతే..."

"నీ భయం నాకు తెలుసు. నేను కాదనను."

"ఈ పూటకి డిపోలో కూర్చోబెట్టుకుంటాలే. రేపటి సంగతి రేపు." కవలలిద్దరూ వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లారు. గుమ్మం దగ్గర అందుకున్న బొమ్మ వాళ్ల చేతిలోనే ఉండిపోయింది. ఇద్దరూ చెరో కాలు పట్టుకున్నారు.

గువ్వ గుమ్మం దాకా వచ్చింది. "అమ్మా, పోనీ వద్దు. పిలువు వాళ్లని."

"కూర్చో" అంది అమ్మ.

పాలడబ్బా, ఫోను, కుర్చీ. పరీక్షల సారు ముఖం తెర మీదికి వచ్చింది. "గది చూపించండి." గువ్వ ఈసారి నెమ్మదిగా తిప్పింది. కిటికీ, అందులో మడిచిన పీలిక, చిన్న చెప్పు, మూలన బొంతల దొంతర. "తలుపు చూపించండి."

తలుపు వేసే ఉంది. గువ్వ ఫోను అటు తిప్పగానే, మూసుకోవడం మరిచిపోయిన ఆ తలుపు కిర్రుమంటూ జానెడు తెరుచుకుంది.

"అది వేసి లేదు" అన్నాడు సారు.

గువ్వ లేచి దగ్గరికి లాగింది. చెయ్యి తీయగానే మళ్లీ తెరుచుకుంది. పట్టుకుని కూర్చుందామంటే ఫోను, కుర్చీ అవతల ఉన్నాయి. ఆ జానెడు సందులో అమ్మ ముఖం కనిపించింది, దాని కింద నసపెట్టె ముఖం.

"గదిలో ఎవరమ్మా? ఎవరది?" సారు గొంతు పెద్దదైంది. "మొదలుపెట్టకముందే ఇలా అయితే..."

అమ్మ బిక్కమొహం వేసి వెనక్కి జరగబోయింది. గువ్వ ఆ మొహం చూసింది. ఇంటిగలావిడతో అంత పొడిగా మాట్లాడిన అమ్మ, నర్సమ్మకూ కండక్టరమ్మకూ ఒక్కొక్కరికీ నిలబడి చెప్పుకున్న అమ్మ, అరచేతిలో పట్టే తెరలోని మనిషికి భయపడింది.

"మా అమ్మండీ" అంది గువ్వ.

తెర కింద మాట వినబడినప్పుడు పచ్చగా లేచే గీత ఒకటి ఉంది. గువ్వ మాట్లాడితే అది మామూలుగా అంగుళం కూడా లేవదు. ఇప్పుడు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా లేచింది.

"మా అమ్మ పిల్లల్ని చూసుకుంటుందండీ. వాళ్ల అమ్మలు పనికి పోతారు. ఆ రోజు వచ్చింది వాళ్లలో ఒకడు. నిక్కరు బొందు ఊడితే ముడేశాను, అంతే. పిల్లల కోసమని మా ఇంట్లో తలుపులు వేయమండీ, బోల్టులు లేవు. కట్టేసిన ఈ తలుపును మా అమ్మ నా పరీక్ష కోసం విప్పింది. ఆగడం లేదు. బయట మా అమ్మ ఆనుకుని కూర్చుంటుంది. ఎవరూ రారు."

సారు కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నాడు. పక్కనెవరితోనో ఏదో అన్నాడు, వినబడలేదు. "తలుపు కదలకుండా ఉంటే చాలు" అన్నాడు తర్వాత. "కానివ్వండి."

అమ్మ గువ్వ వంకే చూస్తోంది. కొత్తగా ఇంటికి వచ్చిన మనిషిని చూసినట్టు చూస్తోంది.

"అక్కా, నేనూ" అంటూ నసపెట్టె ఆమె చెయ్యి కింద నుంచి తల దూర్చాడు.

అమ్మ వాడి తలను అరచేత్తో వెనక్కి నెట్టింది. "అక్కకి పని ఉంది" అంది. ఆ మాట ఆ ఇంట్లో అమ్మ గురించి తప్ప ఇంతవరకు ఎవరి గురించీ ఎవరూ అనలేదు. ఒక కాలు మడిచి గుమ్మం బయట చతికిలబడి, పాకే పిల్లను ఒళ్లోకి లాక్కుని, నసపెట్టెను చంకకింద ఇరికించుకుని, ఒక్కసారి గువ్వ వైపు తల ఊపింది.

తర్వాత వీపుతో తోసి తలుపు వేసేసింది.